గుప్పెడు జీడిపప్పు

కాశీబుగ్గ శాఖా గ్రంథాలయంలో కూర్మారావు మేష్టారు
పుస్తకం ఇచ్చే ముందు నా వేళ్లు చూస్తారు.
జీడి సొన మరక పోదండీ, బూడిద రాసినా పోదు.
తిరిగిచ్చేటప్పుడు "ఎలా ఉందమ్మా?" అంటారు.
ఏటి చెప్పను?

డిటెక్టివు నవల బాగుంది గానీ
హంతకుడు వంటవాడని నలభయ్యో పేజీకే తెలిసిపోయింది.
ఆ ఇంట్లో ఆకలేసినవాడు అతనొక్కడే.

దెయ్యాల కథలు కరెంటు పోయిన రాత్రి చదివేను.
భయమెయ్యలేదు. పెనం మీద అట్టు మాడింది, అంతే.

హిమాలయాలు తిరిగొచ్చినాయన
మంచు గురించి తొంభై పేజీలు రాసేడు.
తడిబట్టలు ఎక్కడ ఆరేసేడో ఒక్క ముక్క లేదు.
సగంలో ఒగ్గేసేను.

కవిత్వం పుస్తకంలో అంతా తెల్ల కాయితమే.
అంత చోటు వదిలితే పాల లెక్క రాసుకోనా?
పెన్సిల్తోనే లెండి. చెరిపేసే ఇచ్చేను.
వాన మీద ఒక్క వాక్యం మాత్రం
బస్సులో మందస దాకా నాతోనే వచ్చింది,
టికెట్టు లేకుండా.

నవ్వొచ్చింది వంటల పుస్తకానికి.
పాయసంలో "గుప్పెడు జీడిపప్పు వేయండి" అని ఉంది.
వేయండి!
గుప్పెడు గుండు పప్పు కావాలంటే
ఎన్ని గింజలు కొట్టాలో, ఎన్ని బద్దలైపోతాయో,
బద్దకి కూలి ఎంత కోస్తారో
రాసినావిడకి తెలుసునా అని
ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు కూచున్నాను.

మరక పడింది.
మేష్టారు చూసేరు. జరిమానా రాయలేదు.
"ఇదెలా ఉందమ్మా?"
కొలతలు తప్పండీ, అన్నాను.
ఇంకోటి ఇవ్వండి, కాస్త లావుపాటిది.
రేపు ఫేక్టరీ సెలవు.