కుడిపక్క కొలబద్ద

బంగారుపాళ్యం దాటినాక, హైవే పక్కన
గుజ్జు ఫ్యాక్టరీ కాటా రూములో
ఫ్యాను గాలికి ఎగిరే చీటీల మీద
బరువుకి ఒక తోతాపురి కాయ.

జూన్ ఒకటి నుంచి జూలై పదైదు దాకా
వచ్చిన సరుకు ఒక వరస, టన్నుల్లో.
కిలో రేటు ఒక వరస, రూపాయల్లో.
గేటు బయట బండి నిలబడిన గంటలు ఇంకో వరస.
ఇది ఎవురూ అడగలేదు,
టోకెన్ల వెనక నేనే రాసి పెట్టుకున్నాను.

"అన్నీ ఒకే బొమ్మలో రావాలమ్మా,
సాయంత్రానికి హెడ్డాఫీసుకి పోవాల"
అని దొరస్వామి సారు టీకి పోయినాడు.

మూడు వరసలూ పట్టి చార్టు నొక్కితే
సరుకు నీలంగా లేచింది,
మొగిలి ఘాటు మాదిరి ఎక్కి, దిగి.
గంటలు మోకాటి ఎత్తుకి వచ్చి ఆగినాయి.
రేటు లేనే లేదు.
వెతికితే, అడుగు గీతకి అతుక్కుని
గోడ వారన చీమలబారు.

ఎనిమిది వందల టన్నుల పక్కన
పన్నెండు రూపాయలు పడుకునే ఉంటుంది.
పన్నెండు నాలుగైనా
ఆ ఎత్తు నుంచి కదలిక తెలీదు.
అబద్ధం ఎవురూ చెప్పలేదు,
అంకెలన్నీ సరైనవే.
కొలబద్ద ఒకటే, అంతే.

కిటికీలో చీటీకి చెయ్యి చాపిన
తవణంపల్లె చెంగల్రాయుడు అట్లే వంగి చూసినాడు.
"రంగులు బాగుండాయి మ్మే.
ఇందులో మా రేటు యాడుంది?"
బాణం గుర్తు తీసుకుపోయి నేల మీద చూపించినాను.
"అదా! గీటనుకుంటి."

చీమలబారు మీద కుడి బటను నొక్కి
రెండో అక్షానికి మార్చినాను.
కుడిపక్క ఇంకో కొలబద్ద మొలిచింది,
సున్నా నుంచి పద్నాలుగు దాకా.
రేటు లేచింది.
లేచి, పన్నెండు కాడ నాలుగు దినాలు నిలబడి
కొమ్మ విరిగినోడి మాదిరి
నాలుగు మీద వచ్చి పడింది.

చెంగల్రాయుడు చీటీని రెండు మడతలు పెట్టి
విప్పి
మళ్ళా మడిచినాడు.

సారు వచ్చి చూసి,
"ఇట్లైతే మనమే తోసేసినట్టుంది కదమ్మా,
కుడిపక్క పై అంకె వంద పెట్టు."
వంద పెడితే పండుకుంది.
తీసేస్తే మళ్ళా పడింది.
ఒక్క గడిలో ఒక్క అంకె ఇంత పని చేస్తుందని
డిగ్రీలో ఎవురూ చెప్పలేదు.

ఇంక జూన్ ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది.
గేటు మూసిన దినాలు.
సరుకు సున్నా, అది నిజం.
రేటు గడి మాత్రం ఖాళీ.
ఖాళీని ఏం చెయ్యమంటావని
ఒక చిన్న పెట్టె తెరుచుకుని అడుగుతుంది:
సున్నా అనుకోనా,
సందు వదిలేయనా,
అటు చుక్కనీ ఇటు చుక్కనీ గీతతో కలిపేయనా.

సున్నా అంటే కాయ ఊరికే ఇచ్చినట్టు.
కలిపితే ఏమీ జరగనట్టు.
ఆ మూడు రాత్రులూ బండ్ల బారు
పెట్రోలు బంకు దాటి, కల్వర్టు దాటి.
పులిసిన వాసనకి ఈగలు
నా క్యారియరు మూత మీద కూడా.
మునెప్ప ట్రాలీ మొత్తం రోడ్డు వారన కుమ్మరించి
టోకెన్ మాత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టిపోయినాడు.
నూట పద్దెనిమిది.
దాని వెనక ఎన్ని గంటలని రాయాలో
ఇప్పటికీ తెలీదు.

"కలిపెయ్యి, నున్నగా ఉంటాది" అన్నాడు సారు.

కలిపింది హెడ్డాఫీసుకి పోయింది.
సందున్నది ఒకటి, సారు బండి గేటు దాటినాక
ప్రింటు తీసినాను.
ప్రింటరులో రంగు లేదు. మూడు గీతలూ బూడిదే.
చెంగల్రాయుడు వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు,
ఏది ఎవురిదో అడగలేదు.
గీత తెగిన కాడ బొటనవేలు ఆనించి, తీసి,
"సొన మరక అయిపాయ మ్మే,
ఇంకొకటి తీస్తావా?"