తాలు రంగు

ఉప్పలపాడు చెరువు గట్టు మీద
మాటలాపమని వేలితోనే చెప్పింది షంషాద్ మేడమ్.
పన్నెండు మందిమి.
చేతుల్లో కొత్త కుంచెలు, కాళ్ల కింద ఎండు రెట్ట.
"ముందు పావుగంట చూపే. రంగు తర్వాత."

నాకు చూపు నేర్పేదేంటి?
ముప్పయ్యేళ్లు మిర్చి యార్డులో
టిక్కీ కోసి పిడికెడు తీస్తే చాలు,
తేజో బాడిగో, నిమ్మెంతో,
ఎరుపు చూసి ధర చెప్పినవాణ్ణి.

అయినా ఎర్రకాళ్ల కొంగ
తోక దగ్గరి ఆ రంగు దొరకలేదు.
మొదటిసారి నెత్తురైంది.
రెండోసారి పెళ్లి కుంకుమ.
మూడోసారి కాగితం తడికి ఉబ్బి
కొంగ కాస్తా తుమ్మకొమ్మ మీదకి కారిపోయింది.

పక్కనున్న పదేళ్ల కెజియా
నా కుంచె లాక్కుని నీళ్లలో ముంచి, మళ్లీ ముంచి,
"ఇంకా వెలిసిపోవాలి తాతా" అంది.

వెలిసింది.
అప్పుడు గుర్తుపట్టాను.
ఇది తాలు.
గ్రేడింగులో నేను పక్కకి విసిరేసిన కాయ,
సగం ధర కూడా పలకని ఎరుపు.

కొంగ ఎప్పుడో లేచిపోయింది.
కాగితం ఆరేదాకా గట్టు మీదే కూర్చున్నాను.
ఎరుపు పక్కన ఇంతసేపు
తుమ్మకుండా కూర్చోవడం
ఇదే మొదలు.