రెండంగుళాల ఖాళీ

ఆఫీసు నుంచి కుర్రాడొచ్చి ఒక ఫారం ఇచ్చి వెళ్లాడు.
పేరు, షెడ్డు నంబరు, కరెంటు మీటరు, మనుషులెందరు,
అవన్నీ బిల్లుపుస్తకం చూసి మా అమ్మాయి నింపేసింది.
పదకొండో గడి దగ్గర పెన్ను ఆపింది.
"నాన్నా, కొత్తది కనిపెట్టడానికి
నీకు ప్రేరణ ఏమిటి అంటున్నారు."
దాని ఎదురుగా రెండంగుళాల ఖాళీ.

బెజవాడ ఆటోనగర్‌లో,
అటు లారీ బాడీల మీద సుత్తుల మోత,
ఇటు టైర్ల రీబటన్ వాసన,
మధ్యలో ముప్పై ఏళ్లుగా లేతు తిప్పుతున్నాను.
ప్రేరణ అనే సరుకు
మా వీధిలో ఎవరూ దింపగా చూళ్లేదు.

నిజం చెప్పాలంటే
అది తిట్టుగా వచ్చింది, గుంటూరు నుంచి.
నల్లచెరువులో కారం మిల్లు దరియాబీ
పొద్దున్నే మొదటి బస్సు దిగి
కొంగుముడి విప్పి నా బల్ల మీద పోసింది.
"చూడు మేస్త్రీ, ఇది కారమా, ఇటుక పొడా?
కళ్లంలో ఎండిన కాయని
నీ మిషను మళ్లీ ఎండబెడుతోంది."

చిటికెడు నాలుక మీద వేసుకున్నాను.
ఘాటు ఉంది. వాసన లేదు.
రంగు, వానకి వెలిసిన ఎర్రజెండా.
సుత్తులు తిరిగి తిరిగి డ్రమ్ము కాలిపోతోందని
నాకు తెలుసు. తెలిసే మూడేళ్లుగా అమ్ముతున్నాను.
ఇది ఏ గడిలో రాయాలి?

ఆవిడే చెప్పింది, పోతూ పోతూ,
డ్రమ్ముకి తడి గోనెసంచి చుడుతున్నానని,
గంటకోసారి చెంబుతో నీళ్లు కొడుతున్నానని,
ఆ పూట ఆడిన కారం పెళ్లివాళ్లకి దాచి అమ్ముతున్నానని.
డబ్బులు వెనక్కి ఇమ్మనలేదు.
ఇమ్మని ఉంటే ఇచ్చేసి ఊరుకునేవాణ్ణేమో.

ఆ రాత్రి నిద్రపట్టలేదంటే అబద్ధం.
బాగా పట్టింది.
పొద్దున పళ్లు తోముతుంటే గోనెసంచి గుర్తొచ్చింది.
డ్రమ్ము చుట్టూ నీళ్లు తిరగాలి. దానికి రేకు కావాలి.
ఇనుప కొట్టు పిచ్చేశ్వరరావు గారు
పాత బాకీ పద్దు తెరిచి చూపించారు,
నోరు మాత్రం తెరవలేదు.
తిరిగొస్తుంటే పక్క షెడ్డు ముందు
ఇంజను ఊడబీకిన లారీ ఒకటి,
దాని రేడియేటరు మట్టిలో బోర్లా.
"ఎంత?" అన్నాను.
"డబ్బులు ఎప్పుడైనా ఇవ్వు, ముందు టీ తాగించు,"
అన్నాడు బాజీ.

అప్పు పుట్టి ఉంటే రేకు కొనేవాణ్ణి.
రేకు కొని ఉంటే ఆ లారీ వైపు చూసేవాణ్ణి కాదు.

ఖాజావలి మూడుసార్లు అతికాడు. మూడుసార్లూ కారింది.
"మన వల్ల కాదు భాయ్," అని వెల్డింగు అద్దం కింద పెట్టేశాడు.
అంతలో, నిన్నగాక మొన్న మా దగ్గర మానేసిన కుర్రాడు
వెనక వీధిలో ఇలాంటిదే చేస్తున్నాడని
టీ కొట్టులో విని వచ్చాడు.
నాలుగోసారి కారలేదు.
ఆ కుర్రాడు చేస్తున్నది పశువుల దాణా మిషనని
తర్వాత తెలిసింది.

ఇప్పుడు లారీలో తిరిగిన నీళ్ల దారిలోనే
మిల్లు నీళ్లు తిరుగుతున్నాయి.
కారం చల్లగా దిగుతోంది.
దరియాబీ మెచ్చుకోలేదు. దోసిలి పట్టి, వాసన చూసి, తుమ్మి,
"గోనెసంచికి నా కూలీ ఎంత?" అంది.
తగ్గించాను. ఎంతో చెప్పను, మా అమ్మాయి వింటోంది.

"నాన్నా, ఏం రాయమంటావు?"

తిట్టు అనా? బాకీ అనా?
టీ కొట్టు పుకారు అనా?
సిగ్గు అని రాయొచ్చేమో.
ఆఫీసు వాళ్లు దాన్ని ఏ లెక్కలో కలుపుకుంటారు?

వెనక కొత్త మిషను ట్రయలు నడుస్తోంది.
మోటారు ఒక కాలు నేలకి ఆనక
వానలో తడిసిన మేకపిల్లలా వణుకుతోంది.
ఫారం అందుకుని నాలుగు మడతలు పెట్టాను.
మందం చాల్లేదు. ఇంకో మడత.
కాలు కింద దోపి బోల్టు బిగించాను.
వణుకు ఆగింది.

సాయంత్రం కుర్రాడు ఫోను చేశాడు.
"పదకొండో ఖాళీ నింపారా సార్?"
"నింపాను బాబూ," అన్నాను.
"ఇంకో కాగితం ఉంటే పంపు.
రెండో కాలు కూడా కొంచెం లేస్తోంది."