ఖాళీ బండి బరువు

పర్లాకిమిడి దాటాక, పాతపట్నం వెళ్ళే రోడ్డు మీద
దండాసి కాటా.
రాత్రి పదకొండు. ప్లేటు మీద జీడిపిక్కల లారీ.
కాటా గదిలో నేను, నా లాప్‌టాప్, ఒక బల్లి.

మిషను చీటీ కక్కింది.
అక్షరాలన్నీ కుడివైపుకి ఒరిగిపోయి
బరువులో చివరి సున్నా జారి కింది వరసలో పడింది.
"ఇదేటమ్మా," అన్నాడు దండాసి,
"ఎడం పక్కంతా పోరంబోకు వొగ్గేసినావు?"
డ్రైవరు లింగరాజ్ బెహరా ఆ సున్నా కేసి
తన సొమ్ము రోడ్డు మీద పడ్డట్టు చూశాడు.

తప్పు నా శుభ్రతది.
ఫంక్షన్ లోపల షరతు, షరతు లోపల చీటీ.
మెట్టుకి నాలుగు ఖాళీలు చొప్పున
కోడు చూడముచ్చటగా ఉండాలని లోపలికి జరిపి రాశాను.
బ్యాక్‌టిక్కుల మధ్య ఏది పెడితే అదే మాట అని
నమ్ముతుంది జావాస్క్రిప్టు.
నా ముచ్చటని కూడా మోసుకొచ్చింది.

మొదట వరసలన్నీ లాగి గోడకి ఆనించాను.
చీటీ కుదిరింది. కోడు మాత్రం
వంటింట్లో మంచం వీధిలోకి పొడుచుకొచ్చినట్టు.
తర్వాత ప్రతి వరస ముందూ ఉన్న ఖాళీ అంతా గీకేశాను.
'సరుకు' కింద కాస్త లోపలికి ఉండాల్సిన
బస్తాలూ తేమా తరుగూ
దాని పక్కనే సమంగా పీటలేసుక్కూర్చున్నాయి.

దండాసి బీడీ ఆర్పాడు.
"లారీ ఎక్కువ తూగినాదని పిక్కలు పారబోత్తామేటి?
ఖాళీ బండి ఎంతో సూసి అదే తీసెత్తాం.
మిగిలిందాన్ని ముట్టుకోం."

కదా.
అందరికంటే తక్కువ జరిగిన వరస ఏదో వెతికి
అంతే, అందరి దగ్గరా అంతే కోయమన్నాను.
నడిపాను.
ఒక్క ఖాళీ కూడా తగ్గలేదు.

ఇరవై నిమిషాలు.
లింగరాజ్ తలుపు దగ్గరికొచ్చి "ఆఉ కేతే డేరి" అన్నాడు,
నాకు తెలియలేదేమోనని మళ్ళీ తెలుగులో.
అప్పుడు కనిపించింది,
సరుకుకీ సంతకానికీ మధ్య
గాలాడుతుందని నేను వదిలిన ఉత్త వరస.
అందులో ఏమీ లేదు. దాని లెక్క సున్నా.
అదే అందరికంటే తక్కువైంది.

"ప్లేటు మీద బండే లేనప్పుడు చూపించే సున్నాని
ఖాళీ బండి బరువని రాస్తావా దండాసీ?"
"నానెందుకు రాత్తాను? ఎవుడు రాసినాడు?"

నేనే.

ఉత్త వరసల్ని లెక్కలోంచి తప్పించాను.
చీటీ వచ్చింది. బస్తాలు సరుకు కింద రెండు ఖాళీల లోపల,
సున్నా తన చోట.
లింగరాజ్ మడిచి జేబులో పెట్టుకుని
సరిహద్దు కేసి బండి తిప్పాడు.

దండాసి మాత్రం తన నకలుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.
"బాగానే ఉంది గానీ అమ్మా,
పాత పుస్తకంలో ఎడం పక్క నా టీల బాకీ రాసుకునేవోణ్ణి.
ఇప్పుడెక్కడ రాసుకోను?"

కోతంతా అయ్యాక
అతని నకలులో ప్రతి వరస ముందూ
మూడు ఖాళీలు మళ్ళీ పెట్టాను.
పక్కనే కామెంటు:
ఇవి దండాసి టీలు, ఎవరూ తీసేయకండి.