ముక్కు మీద ముల్లు

బెర్నిసార్‌లో వాన.
వంటింటి కాటా మీద కొత్త ఇగ్వానడాన్‌ని నిలబెట్టి
గిలెన్ నోటుబుక్కులో రాసింది:
"నూట నలభై గ్రాములు. చర్మం ముడతలు దివ్యం.
పొట్ట కింద అతుకు దాచలేకపోయారు.
పచ్చ, మరీ బఠాణీ పచ్చ.
ముల్లు బొటనవేలి మీదే ఉంది, బతికించారు.
పదికి ఎనిమిదిన్నర."

అలమరలో పాతది.
తోక ఈడ్చుకుంటూ,
బొటనవేలి ముల్లు ముక్కెక్కి కూర్చున్న
వెనకటి తప్పు.
తోక చివర పంటిగాట్లు
తమ్ముడు ఓడిలోన్‌వి. పాలపళ్లవి.
ఇప్పుడు వాడి నోట్లో సొంత పన్ను ఒక్కటీ లేదు,
అయినా ప్రతి ఆదివారం రెండింటికి ఫోన్ చేసి
"అది నాది" అంటాడు.
"కొరికింది నువ్వు, కొన్నది నేను" అంటుంది.

కొత్త పేజీ.
"శాస్త్రం ప్రకారం సున్నా. తోక..."
కలం ఆగింది.

ఆదివారం, మూడున్నర.
పాతదాన్ని చంకలో పెట్టుకుని
ఫోను తీగ ఊడిందేమోనని
వంగి చూసింది.