అటక కొలత

నిచ్చెన మీద సగం దాకా ఎక్కాక
తల ఒక లోకంలో, కాళ్లు మరో లోకంలో.
టార్చి వెలుగులో ముందు కనబడేది ఎప్పుడూ దుమ్మే.
పద్దెనిమిది వందల తొంభై నాలుగు నాటి ఇల్లు.
హాలిఫాక్స్ మిల్లుల మసి
స్లేటు పలకల సందుల్లోంచి దిగి
దూలాల మీద కూర్చుని ఇంకా లేవలేదు.

కింద ముగ్గురు మెడలెత్తి నిలబడ్డారు.
రాత్రి బస్సు నడిపి వచ్చిన మోర్నా ఓల్డ్‌రాయ్డ్, యూనిఫాం విప్పకుండానే.
కెల్విన్ చేతిలో నాకోసం పెట్టిన టీ, చల్లారిపోతూ.
పదమూడేళ్ల టిల్డా. గది ఆమెకే.
ఇప్పుడున్న దాంట్లో మంచం వేస్తే తలుపు తెరుచుకోదు.

టేపు లాగాను.
దూలం నుంచి వెన్నుగాడి దాకా రెండు మీటర్ల పద్నాలుగు.
వినడానికి బాగానే ఉంటుంది.
కానీ ఈ దూలాలు మనిషిని మోయడానికి వేసినవి కావు,
కింది గది కప్పుని పట్టుకోవడానికి వేసినవి.
వాటి పక్కన లావువి పడుకోబెట్టాలి,
అవి ఇనుప కమ్మీల మీద తల పెట్టుకోవాలి.
నేల పైకి లేస్తుంది.
చలి ఆపే పలకలతో కప్పు కిందికి దిగుతుంది.
మిగిలేది నూట ఎనభై. కెల్విన్ నూట ఎనభై ఆరు.
కాగితం ఒప్పుకోవచ్చు, నడినెత్తి ఒప్పుకోదు.

"నేను నూట యాభై ఎనిమిదే" అంది టిల్డా.
ఇంకా పెరుగుతావు తల్లీ, అనబోయి ఊరుకున్నాను.

ఇల్లు కట్టి చూడమన్నారు, సరే.
కట్టిన ఇంట్లో మరో మెట్లవరస కట్టి చూడమని ఎవరూ అనలేదు.
మెట్లకి చోటు గాల్లోంచి రాదు,
అవి ముందు తినేది టిల్డా పాత గదినే.
కింద నుంచి పైదాకా ప్రతి తలుపూ మార్చాలి,
అరగంట మంటకి ఓర్చుకునేవి,
మోర్నా వాళ్లమ్మ పూలు వేసిన వంటింటి తలుపుతో సహా.
పక్కింటి ఆర్నల్డ్ సట్‌క్లిఫ్ సంతకం కావాలి, గోడలో సగం ఆయనది.
మొన్ననే చెత్తడబ్బాల దగ్గర మాటా మాటా అయింది.
గబ్బిలాలున్నాయేమో చూడ్డానికి ఒకరు, లెక్క కట్టడానికి ఒకరు,
ఆ లెక్క సరిచూడ్డానికి కౌన్సిల్ నుంచి ఇంకొకరు.
యాభై ఎనిమిది వేల పౌండ్లు, అన్నాను మెల్లగా,
కిటికీ పరదాలు కలపకుండా.
నా టీ కెల్వినే తాగేశాడు.

దిగబోతూ టార్చి అటు తిప్పాను.
పొగగొట్టం.
పైన ఉంది. కింద లేదు.
ఏనాడో ఎవరో పడకగది వెడల్పు చేసుకోవడానికి
పొయ్యిని తవ్వి తీసేసి
పైనున్న ఇటుకల్ని అలాగే వదిలేసి
గోడకి రంగేసి అమ్మేశారు.
రెండు చెక్కముక్కల మీద, నాలుగు మేకుల దయ మీద
ఒక టన్ను బరువు.
సరిగ్గా దీని కింద ఏముంది, అని అడిగాను.
"మా మంచం" అంది మోర్నా.
కాసేపాగి, "పదకొండేళ్లుగా."

ఆ రాత్రి ముగ్గురూ ముందుగదిలోనే పడుకున్నారట,
ఒక సోఫా, రెండు దుప్పట్లు.

ఇనుప దూలానికి, ఇంజనీరు మిసెస్ అడెయింకా లెక్కకి,
ఇద్దరు మనుషుల మూడు రోజులకి
నాలుగు వేల రెండు వందలు.
ఒక్క అడుగు చోటు పెరగలేదు.
కిటికీలోంచి కొత్తగా కొండ ఏదీ కనబడలేదు.
ఇన్నాళ్లూ పడనిది ఇక పడదు, అంతే.

బిల్లివ్వడానికి వెళ్తే తలుపు టిల్డా తీసింది.
పెద్ద పడకగది ఇప్పుడు ఆమెది.
సోఫా తీసేసి ముందుగదిలో మంచం వేసుకున్నారు వాళ్లు.
"పగలు పడుకునేదానికి ఏ గదైతేనేం" అందట మోర్నా.
టిల్డా పైకి చూసింది, కప్పు మీది పాత పగులు వైపు.
"గట్టిగానే బిగించారు కదా?"

నిచ్చెన తెచ్చి ఇద్దరం ఎక్కాం.
దూలం మీద చెయ్యి వేసి
"అబ్బ, ఎంత చల్లగా ఉందో" అంది.
చాలాసేపు తియ్యలేదు.