గుంజలు

తొమ్మిదో తరగతి, బి సెక్షన్.
ముప్పై ఎనిమిది నోటుపుస్తకాలు.
అంశం ఒక్కటే: 'మన వ్యవసాయ మార్కెట్'.
అన్నింట్లో తొలివాక్యం కూడా ఒక్కటే:
"మార్కెట్ వల్ల రైతులకు ఎంతో మేలు జరుగుతుంది."
ఆ వెనుక గైడు నుంచి దిగిన నాలుగు వాక్యాలు,
ఇస్త్రీ చేసి దండేనికి తగిలించిన చొక్కాల్లా,
లోపల మనిషి లేకుండా.

బోర్డు మీద పందిరి బొమ్మ గీసి మరీ చెప్పిన:
ఒక మాట అన్నంక దాని కింద గుంజలు పాతాలె.
గుంజలు లేని పందిరికి బీరతీగ పాకదు.
'ఎంతో' అంటే లెక్క కాదు బిడ్డా,
లెక్క ఎగ్గొట్టే మాట.
కండ్లార చూసింది రాయి, చూడనిది రాయకు.
అందరూ తలకాయలూపిండ్రు. గంట కొట్టింది.

గుండెబోయిన రవళి పుస్తకం అంచున
ఎర్ర సిరాతో రాసిన:
ఎట్ల? ఎంత? నువ్వు చూసినవా?
(నిజం చెప్పాలంటే అందరికీ అవే రాసిన.
ముప్పై ఏడు మంది 'ఎంతో' కొట్టేసి
'చాలా' పెట్టుకొచ్చిండ్రు.)

రవళి నాలుగు రోజులు పుస్తకం ఇయ్యలే.
సోమవారం ప్రార్థనకు ముందే
బల్ల మీద పెట్టి ఉరికింది.

ఈసారి పెన్సిల్‌తో రాసింది.
తొలివాక్యం అట్లనే ఉంది. దాని కింద:

"మా నాయిన ఎనుమాముల యార్డుల హమాలి.
బిళ్ళ నంబరు నూట పదిహేడు.
మిర్చి సీజన్ల పొద్దుగాల నాలుగింటికే పోతడు,
మా అమ్మ పాత చీర ముక్క ముక్కుకు కట్టుకొని.
శుక్రవారం నేను గూడ పోయిన.
జెండా పాట ఒక్క కుప్పకే పాడిండ్రు.
తెల్లారి పేపర్ల ఆ ధరే వచ్చింది.
ఓదెలు అనే తాత ఇరవై రెండు బస్తాలు తెచ్చిండు.
జెండా కంటె మూడు వేల ఐదొందలు తక్కువకు రాసిండ్రు.
కాయ మెత్తగున్నదన్నరు.
కల్లంల పదిరోజులు ఎండింది, మెత్తగెట్లుంటది అన్నడు తాత.
ఎవ్వలు పలకలే.
కాంటా కాడ బస్తాకు కిలో తరుగు తీసిండ్రు.
ఆ ఇరవై రెండు కిలోలు ఎటు పోయినయో నేను చూడలే సార్,
అందుకే రాస్తలేను.

నాయిన ఇంటికొచ్చి చేతులకు నూనె రాసుకుంటడు,
మజ్జిగతోని కడుగుతడు, మల్ల సబ్బుతోని కడుగుతడు.
అయినా తమ్మున్ని ముట్టడు.
మోచేతుల మీద ఆడిస్తడు.
తమ్మునికి పది నెలలు.
నాయిన అరచెయ్యి ఎట్లుంటదో వానికి ఇంకా ఎరుక లేదు.
సీజన్ అయిపోయినంక ఎరుకైతది."

పుట తిప్పిన వేలు ఎందుకో కంటి దాకా పోనియ్యలే.

అంచున, నా ఎర్ర ప్రశ్నల కింద,
సన్నని అక్షరాల్లో ఆమె ప్రశ్న:
"సార్, ఇవన్ని పాతినంక
పైవాక్యం వీటి మీద నిలుస్తలేదు.
గుంజలు తియ్యాల్నా, పందిరి తియ్యాల్నా?"

ఇరవై రెండేండ్ల నౌకరీ నాది.
పందిరి కోసమే గుంజలని చెప్పుకుంట వచ్చిన.
గుంజలు ఎదురు తిరిగితే ఏం చెయ్యాల్నో
ఏ ట్రైనింగుల చెప్పలే.

ఇంటర్వెల్‌ల పిలిచిన.
పందిరి తియ్యి, గుంజలు ఉండనీ అన్న.
"పరీక్షల గిట్ల రాస్తె మార్కులేస్తరా సార్?"
ఎవరు దిద్దుతరో నాకు తెలవదు అన్న.
చూడనిది చెప్పొద్దు కద.

నిలబడ్డకాడ్నే రబ్బరు తీసింది.
'ఎంతో' చెరిపింది.
కొద్దిసేపు ఆగి 'రైతులకు' చెరిపింది.
'మార్కెట్ వల్ల... మేలు జరుగుతుంది' మిగిలింది,
నడుమ నల్లని మరకతో, రెండు మాటలంత ఖాళీతో.

పెన్సిల్ చెక్కుకొస్తనని పోయింది.
పుస్తకం ఇంకా నా దగ్గరికి రాలే.